వాపు గోలీ

మాది వరంగల్ కరీమాబాద్. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. బతుకమ్మకు ముందు పదిహేను రోజులు మాకు నిద్ర ఉండదు. 2022లో అట్లాగే ఒక రాత్రి రెండింటి దాకా హుక్కులు కుట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పై పెదవి బరువుగా ఉంది. అద్దంలో చూసుకుంటే ముక్కు కింద నుంచి ముందుకు పొంగి, తోలు బిగుసుకుని మెరుస్తోంది. నొప్పి లేదు, బిగుతే. చాయ్ తాగబోతే ఒక పక్క నుంచి కారిపోయింది. పొట్ట మీద, తొడల మీద దద్దుర్లు, ఆగని దురద.

"నిన్న వంకాయ తిన్నవు కదనే" అంది అత్తమ్మ. గునుగు పూలు పడలేదని పక్కింటి వదిన అంది. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. దగ్గర్లోని క్లినిక్‌లో అలర్జీ ఇంజెక్షన్ ఇస్తే మర్నాటికి దిగిపోయింది. దిగిపోయింది కదా అని ఎవరం పట్టించుకోలేదు.

మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీలో మళ్లీ వచ్చింది. ఈసారి కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇక వంకాయ, గుడ్డు, చేపలు, పల్లీలు అన్నీ మానేశాను. నా కొలతల బుక్కులో వెనక పేజీల నుంచి రోజూ తిన్నది రాయడం మొదలుపెట్టాను. ముందు నుంచి చూస్తే చంక, నడుము, చేతి పొడవు. వెనక నుంచి చూస్తే పప్పు, చారు, మజ్జిగ. నెలల తరబడి రాశాను. ఏదీ తేలలేదు.

మూడోసారి 2023 బతుకమ్మ అప్పుడు. రాత్రి తొమ్మిదింటికి కింది పెదవి కొద్దిగా ఉబ్బినట్టు అనిపించింది. మిషన్ సొరుగులో, సుద్దముక్కల పక్కన, నడుం నొప్పికి వేసుకునే గోలీల షీట్ ఎప్పుడూ ఉండేది. మెడికల్ షాపులో ఇచ్చేటప్పుడు "నొప్పికి, వాపుకు పనిచేస్తది" అనే చెప్పారు. వాపే కదా అని ఇంకొకటి వేసుకుని పడుకున్నాను. సాయంత్రం నడుముకని అప్పటికే ఒకటి వేసుకున్నాను.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. నాలుక నోటి నిండా ఉన్నట్టుంది. మా ఆయన్ను పిలిస్తే మాట ముద్దగా, గొంతు బొంగురుగా వచ్చింది. ఉమ్మి మింగుడు పడలేదు. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన 108కు ఫోన్ చేశాడు. పెద్దాసుపత్రిలో ఏమీ అడగకముందే తొడకు ఒక సూది వేశారు, అడ్రినలిన్. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. కాసేపటికే గొంతు వదులైంది. సెలైన్ పెట్టారు, అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరేగా ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చని తెల్లారేదాకా పంపలేదు.

పొద్దున డాక్టరమ్మ అడిగింది, "మందులేమైనా వాడుతున్నావామ్మా?" లేవు మేడం, బీపీ, షుగర్ ఏమీ లేవన్నాను. క్లినిక్‌లో అడిగిన రెండుసార్లూ అదే చెప్పాను. అబద్ధం చెప్పలేదు, నిజంగా లేవనే అనుకున్నాను. ఆమె వదలలేదు. "తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు?" అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన షీట్ తెచ్చి చూపించాడు. డైక్లోఫెనాక్.

బుక్కు కూడా తెప్పించింది. వెనక పేజీలు చూసి తిప్పేసింది. ముందు పేజీల్లో డెలివరీ తేదీలు చూసింది. ఏ రోజులకు ఎక్కువ బ్లౌజులున్నాయో ఆ రాత్రులే నేను గోలీలు వేసుకున్నది, వాపు వచ్చింది ఆ గోలీల తర్వాతే. ఏళ్ల నుంచి వేసుకుంటున్నాను కదా మేడం అంటే, ఏళ్లు పడి తర్వాత పడకపోవడం మామూలేనంది.

ఆమె చెప్పింది నాకు బట్ట లెక్కనే అర్థమైంది. దద్దుర్లు పైబట్టలో వస్తాయి. ఈ వాపు లోపల, లైనింగ్ దగ్గర వస్తుంది. సన్నటి రక్తనాళాల నుంచి నీరు కారి అక్కడ నిలుస్తుంది. పెదవి, కనురెప్ప దగ్గర కింది పొర వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువ పొంగుతుంది. దీని పేరు ఆంజియోఎడిమా. నాకు పడనిది ఒక్క కంపెనీ గోలీ కాదట, ఒకే తీరుగా పనిచేసే నొప్పి గోలీల గుంపు మొత్తం: ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా.

దురద ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా వస్తుందా అని కూడా అడిగింది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ గోలీలతో వచ్చే వాపులో దద్దుర్లు, దురద ఉండవట. నెలలు, ఏళ్లు వాడాక కూడా రావచ్చు, అలర్జీ ఇంజెక్షన్‌కు సరిగ్గా లొంగదు. వంశంలో వచ్చేది ఇంకో రకం, దానికి రక్తపరీక్షలు వేరే ఉన్నాయి. మా మేనమామ బీపీ గోలీ ఏదో ఆ రోజే ఫోన్ చేసి కనుక్కున్నాను.

ఇప్పుడు పర్సులో ఒక చీటీ ఉంటుంది, నాకు పడని మందుల పేర్లతో. పంటి డాక్టర్ దగ్గరికి పోయినా ముందు అదే ఇస్తాను. నొప్పికి పారాసిటమాల్ వేసుకోమన్నారు, అదీ ఎంతో చెప్పి. కానీ షాపుల్లో నాకు పడని గుంపులోదే ఎసిక్లోఫెనాక్‌ను పారాసిటమాల్‌తో కలిపిన గోలీ ఇస్తారు. అందుకని షీట్ వెనక సన్న అక్షరాలు చదివించుకోనిదే తీసుకోను. పెదవి కొద్దిగా ఉబ్బితే అలర్జీ గోలీ సెట్రిజిన్. నాలుక, గొంతు, మాట, ఊపిరి, వీటిలో ఏది తేడా చేసినా 108కు ఫోన్ చేయాలని మా పిల్లలకు కూడా నేర్పాను.

ఆ తర్వాత వాపు రాలేదు. ఏడాది పైన మానేసిన వంకాయను మొదట భయపడుతూనే తిన్నాను, ఏమీ కాలేదు. నడుం నొప్పి మాత్రం ఉంది. స్టూలు ఎత్తు మార్చాను, గంటకోసారి లేస్తున్నాను. పోయిన బతుకమ్మకు ముప్పై బ్లౌజులే ఒప్పుకుని, మిగతావి పక్క వీధి అక్కకు ఇచ్చాను.