అమ్మ ఛాతీ నొప్పి, రెండు ఈసీజీలు – నా అనుభవం

అమ్మ నిన్ననే డిశ్చార్జి అయింది. స్టెంట్ వేశారు, బాగానే ఉంది. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

అమ్మకు షుగర్ ఉంది. పొద్దున్నే గుండెల మీద బరువుగా ఉందని, దవడ లాగుతోందని అంది. మా ఫ్యామిలీ డాక్టరు గారు రావడానికి ఇంకా టైముంది. అందుకే వీధి చివర నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాను.

ఈసీజీ గదికి తలుపు తీసే ఉంది, కర్టెన్ లేదు. ఎదురు బెంచీ మీద జనం. టెక్నీషియన్ కుర్రాడు "జాకెట్టు తీయమ్మా, తొందరగా" అన్నాడు. అమ్మ పమిట వదల్లేదు. సిస్టర్‌ని పిలవమన్నాను. "ఆడవాళ్లెవరూ లేరు. తీయించుకుంటే తీయించుకోండి, లేదంటే వెళ్లండి" అని అందరూ వినేలా అరిచాడు. బెంచీ మీదవాళ్లంతా ఇటు తిరిగారు. అరవై దాటిన మనిషి, పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నలుగురి ముందు ఏడ్చింది. అతను జాకెట్టు కాస్త పక్కకు లాగి, ఛాతీకి అంటించే ఆరు రబ్బరు బల్బులూ (గుండె సంకేతాలు పట్టేవి) రొమ్ము పైనే వరసగా అంటించి కాగితం తీశాడు. డ్యూటీ డాక్టరు అమ్మ ముఖం కూడా చూడకుండా "నార్మల్, గ్యాస్" అని బిళ్లలు రాశాడు. సిగ్గుపడాల్సింది అమ్మ కాదు, వాళ్లు.

మా డాక్టరు గారు కాగితం చూడగానే "ఎక్కడ పెట్టి తీశారు?" అని అడిగారు. మొదటి రెండూ రొమ్ము ఎముకకు అటూ ఇటూ నాలుగో పక్కటెముక కింది సందులో, నాలుగోది ఐదో సందులో పెట్టాలట. ఆడవాళ్లకు అది రొమ్ము కిందకి వస్తుంది. పైకి జరిపితే గీతలే మారిపోతాయట. తలుపు వేసి, సిస్టర్ చేత దుప్పటి కప్పించి మళ్లీ తీయించారు. కంటి ఆపరేషన్‌కు ముందు తీసిన పాత ఈసీజీ పక్కన పెట్టి చూశారు. గీతల్లో టీ తరంగాలనే గుట్టలు కొత్తగా తలకిందులయ్యాయి, అంటే గుండెకు రక్తం సరిగా అందట్లేదేమోనని అనుమానం. వెంటనే ఆస్పిరిన్ నమిలించి, 108కి ఫోన్ చేయించారు. "ఇది నార్మల్‌గా వచ్చినా ఇంటికి పంపేవాణ్ణి కాదు. నొప్పి ఉన్నంతసేపు 15–30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) కూడా చూడాలి" అన్నారు.

పెద్దాసుపత్రిలో ట్రోపోనిన్ ఎక్కువగా వచ్చింది. యాంజియోగ్రామ్, స్టెంట్ ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి గట్టిగా తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, దవడ లాగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి కదలండి. ఆడవాళ్లకు ఈసీజీ అంటే సిస్టర్‌ని, కర్టెన్‌ని గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు. పాత ఈసీజీ పారేయకండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, తీసిన రోజే జిరాక్స్ తీయించండి.

ఆ నర్సింగ్ హోమ్‌కి ఈరోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. అందినట్టు సంతకం పెట్టేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు.