సెలైన్ ఎందుకు బందు చేసిండ్రని గొడవ

పోయిన వానాకాలం మా బావకి డెంగీ, ఐసీయూలో పెట్టారు. నాలుగో రోజు జ్వరం దిగింది, హమ్మయ్య అనుకున్నాం, అసలు కథ అప్పుడే మొదలైంది. చేతులు మంచులా చల్లబడ్డాయి. బీపీ 100/85 ఉంది, పై నంబర్ బానే ఉంది కదా అన్నా నేను. రెండిటి మధ్య తేడా 20 కంటే తగ్గిందంటే షాక్‌లోకి పోతున్నట్టేనంట.

మేమంతా ప్లేట్‌లెట్స్ ఎన్ని అని ఒకటే అడగడం, డాక్టరమ్మేమో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే టెస్టు) మీదే కళ్ళు పెట్టింది. డెంగీలో సన్న రక్తనాళాలు లీకై రక్తంలోని నీళ్ళు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ పోతాయి, మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. ఆమె బావ వేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి, నాలుగు దాకా లెక్కపెట్టింది. ఇంత మెషిన్ల మధ్య గోరేంటి అనుకున్నా గానీ రక్తం చివరిదాకా చేరుతుందా లేదా అన్నది అక్కడే తెలుస్తదంట!

ఇక బరువుని బట్టి లెక్కగట్టి సెలైన్, గంటగంటకీ స్పీడ్ మార్చడం, సిస్టర్ యూరిన్ బ్యాగ్ చూసి రాసుకోవడం. బావ 70 కిలోలు, గంటకి కనీసం 35 ఎంఎల్ రావాలి.

రెండ్రోజులకి సెలైన్ తీసేశారు. అత్తమ్మ మా మీద పడింది, "పైసలు గుంజుతుండ్రు, సెలైన్ బందు చేసిండ్రేందిరా!" అని. ఆమె తప్పు కాదులే, నీరసమొస్తే గల్లీ డాక్టర్ దగ్గర ఒక బాటిల్ ఎక్కించుకునే అలవాటు మనందరిదీ. అర లీటర్ బాటిల్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతా నీళ్ళు, బలం ఎక్కడిది? పైగా ఎక్కించిన దాంట్లో పావు వంతే రక్తనాళాల్లో నిలుస్తుందట, మిగతాది బయటికే.

డెంగీలో లీక్ ఒకటి రెండు రోజులే, తర్వాత బయటికి పోయిన నీళ్ళన్నీ రక్తంలోకి వాపసొస్తాయి, అప్పుడు కూడా బాటిల్ నడిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం, వెంటిలేటర్ దాకా పోవచ్చు. ఇదంతా డాక్టరమ్మ కారిడార్‌లో నిలబడి పది నిమిషాలు చెప్పింది, అత్తమ్మ నమ్మలే.

తెల్లారి బ్యాగ్ రెండుసార్లు నిండింది. అత్తమ్మ దాన్నే చూస్తూ, "బాటిల్ లేదు, ఇన్ని నీళ్ళు యాడికెళ్ళొచ్చినయ్‌రా" అంది.