జూన్‌లోనే ఎందుకు వస్తామంటే

మేం అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాం, ఊరికి మాత్రం జూన్‌లోనే వస్తాం. అక్కడి బడిలో మా బాబు జంతువుల చలికాలపు నిద్రల గురించి చదువుకున్నాడు. వాడు చెప్తుంటే నేనూ నోరు తెరుచుకుని విన్నాను. గ్రౌండ్‌హాగ్ అనే పెద్ద ఉడుత జాతి జంతువు బొరియలో ముడుచుకున్నాక నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె నాలుగైదు సార్లకు దిగుతుంది. వుడ్ ఫ్రాగ్ అనే చిన్న కప్పయితే ఎండుటాకుల కింద గడ్డకట్టుకుపోతుంది. ఊపిరి ఉండదు, గుండె ఆడదు. కాలేయం రక్తంలోకి వదిలిన చక్కెర దాని ఒంటి కణాలను కాపాడుతుంది, మంచు కరిగాక కప్ప మళ్లీ గెంతుతుంది.

కానీ లోకమంతా అంతేనని వాడు అనుకోవడం నాకు నచ్చలేదు. అచ్చంపేట వచ్చినప్పుడు మా మామయ్యను అడిగాడు: "తాతా, ఇక్కడి ఎలుగుబంట్లు చలికాలం ఎక్కడ పడుకుంటాయి?"

"గుడ్డెలుగా? అది అట్ల పండదు బిడ్డా. చలికాలంల గూడ పుట్టలు తవ్వుకుంట తిరుగుతది."

అచ్చంపేట పక్కనున్న అమ్రాబాద్ అడవిలో చెదలు, చీమలు ఏడాది పొడవునా దొరుకుతాయి. ఎండలు ముదిరేసరికి ఇప్పపూలు రాలతాయి. మిన్నెసోటా నల్ల ఎలుగు నెలల తరబడి తినక, తాగక పడుకోవడానికి చలికన్నా పెద్ద కారణం బయట తిండి లేకపోవడమే. ఈ సంగతి వాడికి బడిలో కన్నా తాత దగ్గరే బాగా అర్థమైంది.

మన పాలమూరు దిక్కు జీవాలు దాక్కునేది ఎండాకాలంలో. రోహిణి కార్తెకు కుంటలు ఎండి నేల నెర్రెలు బారుతుంది. కప్పలు అప్పటికే మట్టిలోకి దిగిపోయి ఉంటాయి. నత్త తన చిప్ప మూతిని పొరతో మూసుకుంటుంది. కొర్రమట్ట బురదలో దూరి, ఆ తడి ఉన్నంతకాలం గాలి పీల్చుకుంటూ వానకు ఎదురుచూస్తుంది. తిండి లేని రోజులు గడవాలంటే ఒంటి పని తగ్గించుకోవాలి. ఇక్కడైనా అక్కడైనా ఉపాయం అదే, కాలమే వేరు.

పిల్లలకు వేమన పద్యాలు నేర్పిస్తున్నాం, మంచిదే. కార్తెలు కూడా తెలియాలని నా పట్టుదల, అవి కంటితో చూస్తేనే తెలుస్తాయి. మిర్గం (మృగశిర కార్తె) దాటి గట్టి వాన పడిన రాత్రి కుంట దగ్గర కప్పల అరుపులకు మా మాటలు మాకే వినపడలేదు. పెద్ద మగ కప్పలు పచ్చగా పసుపు పూసుకున్నట్టున్నాయి. తెల్లారి చెల్కలో ఎర్రటి ఆరుద్ర పురుగులు. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండి, తొలి వానలకే పైకి వస్తాయవి. తాత ఒకటి అరచేతిలో పెడితే మా చిన్నది కదలకుండా నిలబడింది.

డిసెంబర్‌లో రండి, చల్లగా ఉంటుందని చుట్టాలంతా అంటారు. జూన్‌లో టికెట్లు కూడా ప్రియమే. అయినా డిసెంబర్‌లో వస్తే ఇవేవీ పిల్లలకు కనబడవు.