అఠారనాలా మీద ఒక పాదం

‘జగన్నాథః స్వామీ నయనపథగామీ భవతు మే’. జగన్నాథాష్టకంలో ప్రతి శ్లోకం చివరా వచ్చే పాదం ఇది. చిన్నప్పటి నుంచీ పాడుతున్నా, ‘స్వామి నా కంటపడాలి’ అని అర్థం చెప్పుకుని సరిపెట్టుకునేదాన్ని. విడదీస్తే నయనపథం, అంటే కళ్ల దారి. ఆ దారిన నడిచి రావలసింది ఆయన. మన నడక ఊసే అందులో లేదు.

ఈ సంగతి పూరీ పొలిమేరలో, అఠారనాలా వంతెన మీద తట్టింది. భువనేశ్వర్ నుంచి బస్సులో వస్తే ఊరి మొదట్లోనే తగులుతుంది. మొదటిసారి దర్శనం క్యూ టెన్షన్‌లో పడి గమనించనే లేదు. రెండోసారి ఆటో మాట్లాడుకుని పనిగట్టుకుని వెళ్లాను. 13వ శతాబ్దంలో గంగవంశపు రాజులు కట్టించిన వంతెన. మన శ్రీకాకుళం ముఖలింగం ఒకప్పుడు ఆ వంశానికి రాజధానే. పొడవు దాదాపు 290 అడుగులు. నీళ్లు పోవడానికి పద్దెనిమిది ఖాళీలు, పేరూ అందుకే. పక్కకు దిగి వంగి చూస్తే కమానులు కావవి. తుప్పురంగు రాళ్లను వరస వరసకీ కాస్త ముందుకు జరుపుతూ పేర్చి, పైన కలిపేశారు. మెట్లను తిరగేసి నిలబెట్టినట్టుంటుంది.

వంతెన నిలవడానికి రాజు పద్దెనిమిది మంది కొడుకుల్ని బలిచ్చాడని ఒక కథ చెబుతారు. నాకది మింగుడుపడదు. అందరికీ అన్నం పెట్టే జగన్నాథుడు పిల్లల్ని అడుగుతాడా?

నాకు నచ్చేది బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు కథ. 1510లో ఆయన పూరీకి వస్తుంటే, దారిలో భార్గవీ నది దగ్గర వెంట వస్తున్న నిత్యానందుడు ఆయన సన్యాస దండాన్ని మూడు ముక్కలు చేసి నీళ్లలో వదిలేశాడు. భావావేశంలో ఉన్న మహాప్రభువుకి ఇక్కడ, అఠారనాలా దగ్గర, కాస్త తెలివి వచ్చింది. ‘నా దండం ఏది?’ అన్నారు. విషయం తెలిసి కోపం వచ్చింది. ‘మీరు ముందు వెళ్లండి, లేదా నేను వెళ్తాను. కలిసి మాత్రం రాను’ అన్నారు. ‘మీరే ముందు వెళ్లండి ప్రభూ’ అన్నాడు వెంట ఉన్న భక్తుడు ముకుందుడు. అలా చేతిలో దండం కూడా లేకుండా, ఒక్కరే గుడి వైపు నడిచారు. లోపల జగన్నాథుణ్ణి చూడగానే కౌగిలించుకోబోయి స్పృహతప్పి పడిపోయారు.

కాలినడకన వచ్చేవాళ్లకు గుడి శిఖరం మొదట కనబడేది ఇక్కడి నుంచేనట. ఇప్పుడు మేడలు, కరెంటు తీగలు. ఆటో అబ్బాయి ‘అదిగో జెండా’ అని వేలు పెట్టి చూపించాడు. అతనికి కనిపిస్తోంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాను.