అలిగిన బతుకమ్మ

దసరా సెలవులకు ముందు రోజు మా మూడో తరగతిలో బతుకమ్మ పేర్చాం. ముందు 9 రోజుల పేర్లు బోర్డు మీద రాశాను. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... తిండి పేర్లు వస్తుంటే పిల్లల మొహాలు వెలిగిపోయాయి. ఆరో రోజు దగ్గర ఆగిపోయారు. అలిగిన బతుకమ్మ! ఆ రోజు పేర్చరు, ఆడరు.

"ఎవరేమన్నరు టీచర్?" అంది ముందు బెంచీ పాప, నిజంగా బాధపడుతూ. పేరుస్తుంటే మాంసం ముద్ద తగిలిందట అని మా అమ్మమ్మ చెప్పిన కథే చెప్పాను.

తెల్ల గునుగును కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచాం. ఒక బాబు వేళ్లు సాయంత్రం దాకా గులాబీ రంగులోనే ఉన్నాయి. అడుగున తంగేడు, పైన గునుగు, ఆపైన బంతి. రెండుసార్లు కూలింది. "నడుమ ఆకులు తుంచి నింపాలె టీచర్, మా నానమ్మ గట్లనే చేస్తది" అన్నాడు వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. మూడోసారి వాడే పేర్చాడు, మేమంతా పూలు అందించాం. నిలబడింది!

పైన పసుపు గౌరమ్మను పెట్టి, చప్పట్లు కొడుతూ ఆడి, బడి నీళ్ల తొట్టిలోనే సాగనంపాం. బెల్లు కొట్టినా ఒక్కరూ తొట్టి దగ్గర నుంచి కదల్లేదు.