ఒకటో తారీఖు పిల్లలు

ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్‌లో, అంటే మన మునిసిపాలిటీ లాంటి దాంట్లో, సోషల్ వర్కర్‌ని నేను. మా టీమ్ చూసుకునే పిల్లల పుట్టినరోజులన్నీ ఒక క్యాలెండర్ మీద రాసిపెడితే ఏడాది పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి గానీ, జనవరి ఒకటిన మాత్రం పేర్లకు చోటు చాలదు. అఫ్ఘానిస్తాన్, సూడాన్, ఎరిత్రియాల నుంచి అమ్మానాన్నలు లేకుండా ఒంటరిగా ఇంగ్లండ్ చేరిన పిల్లలు వీళ్లు. డోవర్ రేవులో దిగాక ఎప్పుడు పుట్టావని అధికారి అడుగుతాడు. ఏడాది తప్ప ఇంకేమీ చెప్పలేని పిల్లాడికి కంప్యూటర్లో జనవరి 1 పడుతుంది. ఈ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఫాస్టర్ తల్లులు కొందరు న్యూ ఇయర్ కేకునే పుట్టినరోజు కేకు చేసేస్తారు.

తారీఖు ఏదైనా ఒకటే గానీ, పక్కన పడే సంవత్సరం దగ్గరే గొడవంతా. పద్దెనిమిది నిండలేదంటే 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ కింద ఆ పిల్లాడు కౌన్సిల్ బాధ్యత. ఉండడానికి ఫాస్టర్ ఇల్లో, చూసుకునే సిబ్బంది ఉన్న ఇల్లో ఇస్తారు. బడి, డాక్టరు, నాలాంటి ఒక సోషల్ వర్కరు ఉంటారు. మేజరయ్యాక కూడా ఇరవై ఐదేళ్ల దాకా కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. అదే నిండిందని తేలితే హోమ్ ఆఫీస్, అంటే ఇక్కడి హోం శాఖ, చూపించిన హోటల్, ముక్కూ మొహం తెలియని మగవాళ్లతో ఒకే గది. భోజనం వాళ్లే పెడతారు కాబట్టి చేతికిచ్చేది వారానికి 10 పౌండ్ల లోపే.

హైదరాబాద్‌లో ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసి, పాతబస్తీలో బాలకార్మికుల కోసం పనిచేసే ఒక సంస్థలో కొన్నేళ్లున్నాను. కోవిడ్ తర్వాత ఇక్కడి కౌన్సిళ్లకు సోషల్ వర్కర్లు దొరక్క బయటి దేశాల వైపు చూశాయి. మా ఆఫీసులోనే జింబాబ్వే వాళ్లు, నైజీరియా వాళ్లు, కేరళ వాళ్లు ఉన్నారు. సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్టర్‌లో పేరెక్కించుకుని, కౌన్సిల్ స్పాన్సర్ చేసిన ఉద్యోగ వీసా మీద వచ్చి, మొదట మామూలు కుటుంబాల కేసులు చూశాను. తర్వాత ఈ టీమ్‌కి మారాను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదు కనుక ఇక్కడ చెప్పేది ఏ ఒక్కరి కథా కాదు. చాలామందివి కలిపి చెబుతున్నాను.

కుర్రాడు చెప్పిన వయసు మీద అనుమానం వస్తే ఏజ్ అసెస్‌మెంట్, అంటే వయసు అంచనా, చేయాలి. దానికి పద్ధతి 2003లో లండన్‌లోని మెర్టన్ కౌన్సిల్ మీద నడిచిన కేసులో కోర్టు చెప్పింది. ఇప్పటికీ అందరూ మెర్టన్ అసెస్‌మెంట్ అనే అంటారు. శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు ఇద్దరు ఉండాలి. ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. పిల్లాడి తరఫున మాకు సంబంధం లేని పెద్ద మనిషి ఒకరు కూర్చోవాలి. మరీ స్పష్టంగా కనిపించే కేసుల్లో తప్ప మొహం చూసి తేల్చకూడదు. వాడు చెప్పినదాంట్లో మాకు నమ్మకం కలగనివి ఉంటే అవి వాడి ముందే పెట్టి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అనుమానం మిగిలితే అది పిల్లాడి వైపు మొగ్గాలి.

చదివితే బాగానే ఉంటుంది. గదిలో కూర్చున్నాక తెలుస్తుంది తంటా. పుట్టిన తేదీ అడిగితే లాభం లేదని మొదటి గంటలోనే అర్థమైపోతుంది. అందుకని చుట్టూ తిరిగి వస్తాం. ఇంట్లో నీకంటే పెద్దవాళ్లెవరు, చెల్లి పుట్టినప్పుడు నువ్వు నడుస్తున్నావా, మదర్సాకి ఎప్పుడు పంపారు, రంజాన్‌లో ఉపవాసం మొదటిసారి ఎప్పుడున్నావు, 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ పట్టుకున్నప్పుడు నువ్వు మేకల్ని తోలుకెళ్లే వయసా లేక పొలంలో పనిచేసే వయసా. ఒక కుర్రాడి దగ్గర తజ్కిరా ఫోటో ఉంటుంది. అది వాళ్ల గుర్తింపు కాగితం. అందులో పుట్టిన తేదీ ఉండదు, వాళ్ల క్యాలెండర్ లెక్కలో "1395లో ఎనిమిదేళ్లు" అన్నట్టు రాసి ఉంటుంది. ఆఫీసరు మొహం చూసి వేసిన అంచనా కూడా అయి ఉండొచ్చు. ఆ లెక్కన పుట్టింది 1387లో. మన క్యాలెండర్‌లోకి తేవాలంటే 621 కలపాలి. కానీ వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్ మార్చి 20, 21ల్లో వస్తుంది, మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా. కాబట్టి పుట్టిన నెల తెలియకపోతే 2008 కావచ్చు, 2009 కావచ్చు. ఇథియోపియా పిల్లలైతే వాళ్ల ఏడాదికి పదమూడు నెలలు, మన సంవత్సరం కంటే ఏడెనిమిదేళ్లు వెనక. మూడో తరగతి కూడా చదవని పిల్లాడు ఈ కూడికలన్నీ తనే వేసి, దారి పొడుగునా రకరకాల అధికారులకు రకరకాలుగా చెప్పుకుంటూ వచ్చి ఉంటాడు. ఫైల్లో అవన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు అబద్ధాలకోరులా కనిపిస్తాడు.

అన్నిటికంటే చిక్కు బల్గేరియా కాగితం. అఫ్ఘాన్ పిల్లలు చాలామంది ఇరాన్, టర్కీ, బల్గేరియా, సెర్బియా మీదుగా వస్తారు. మైనర్ అని చెబితే పిల్లల హాస్టల్లో పెడతారు, ముందుకు కదలనివ్వరు. అందుకని పెద్దవాణ్ణని చెప్పమని వాళ్లను దాటించే ఏజెంటే నేర్పుతాడు. లేదా అక్కడి పోలీసే పందొమ్మిది అని రాసుకుంటాడు. ఆరు నెలల తర్వాత ఇక్కడ పదహారు అంటే, "అక్కడ పందొమ్మిది అన్నావుగా" అని అదే కాగితం ముందుకొస్తుంది.

ఇది వింటుంటే నాకు పాతబస్తీ గుర్తొస్తుంది. 2015 జనవరిలో అక్కడి గాజుల కార్ఖానాల నుంచి బీహార్ పిల్లల్ని వందలమందిని పోలీసులు బయటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత కూడా అలాంటి పిల్లలు వస్తూనే ఉండేవారు. తొమ్మిదేళ్ల పిల్లాడు మా ముందు నిలబడి "అఠారా సాల్", పద్దెనిమిదేళ్లు, అనేవాడు. సేఠ్ నేర్పిన లెక్క అది. కొందరికి ఆధార్ కార్డులో కూడా ఆ లెక్కే ఎక్కించేవారు. అక్కడ వయసు పెంచి చెప్పారని పట్టుకునేవాళ్లం, ఇక్కడ తగ్గించి చెప్పారేమోనని పట్టుకుంటున్నాం. రెండు చోట్లా ఆ నంబరు పెద్దవాళ్ల అవసరాన్ని బట్టి పుట్టిందే.

మన చట్టంలో దీనికి వరస ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం మొదట బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూడాలి. అది లేకపోతే మునిసిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఇక్కడి కొలీగ్స్‌కి ఈ వరస చెబితే, కాగితానికి అంత విలువా అని ఆశ్చర్యపోయారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నా కాగితం సంగతి నాకు తెలుసు.

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో 1985 జూన్ 1 ఉంటుంది. మా అమ్మ లెక్కలో 1986 ఆగస్టు గోదారి వరదకు నేను ఇంకా పాకుతున్నాను. గట్టు మీద గుడారంలో నన్ను నేల మీద దించడానికి లేక రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని ఇప్పటికీ చెబుతుంది. బళ్లో వేసేటప్పుడు అయిదేళ్లు నిండాలి కాబట్టి హెడ్‌మాస్టరు గారు వయసు ఏడెనిమిది నెలలు పెంచి జూన్ ఒకటి వేశారు. మా క్లాసులో సగం మందివి జూన్ ఒకటో, జూలై ఒకటో. అసలు తేదీ తిథి ప్రకారం అమ్మకు తెలుసు, పుష్య మాసం అంటుంది. ఆ జూన్ ఒకటే నా పాస్‌పోర్టులోకి, వీసాలోకి, ఇక్కడి రిజిస్టర్‌లోకి వచ్చింది. ఆఫీసులో ఆ రోజున నాకు బర్త్‌డే కార్డు ఇస్తారు, సంతకాలు చేసి. థాంక్స్ చెప్పి తీసుకుంటాను. ఇది చదివే మీలో ఎంతమంది ఒకటో తారీఖు వాళ్లో నేను ఊహించగలను. మనల్ని ఎవరూ అనుమానించలేదు, మన హెడ్‌మాస్టరు వేసిన స్టాంపు ఉంది కాబట్టి. అఫ్ఘానిస్తాన్‌లోని కునార్ కొండల్లో ఆ తజ్కిరా కుర్రాడికి హెడ్‌మాస్టరు లేడు, అంతే తేడా.

గదిలో ఇవేవీ చెప్పకూడదు. నాకు సగం భాష అర్థమైనా ఇంటర్‌ప్రెటర్ చెప్పేదాకా ఆగాలి. అఫ్ఘాన్ పిల్లలకు హిందీ సినిమాల పుణ్యమా అని కొన్ని మాటలు వచ్చు. నన్ను చూడగానే "హిందుస్తాన్?" అంటారు. హైదరాబాద్ అని చెబితే మొహం వెలిగిపోతుంది. వాళ్ల క్రికెటర్ రషీద్ ఖాన్ మన సన్‌రైజర్స్‌కి ఆడాడు కదా. వాడి పక్కనున్న పెద్ద మనిషికి, నా ఇంగ్లీషు కొలీగ్‌కి ఈ ఆనందం ఎందుకో తెలియదు. ఆ రెండు నిమిషాలు తప్ప ఆ రోజంతా వాడికి పరీక్షే. ముందు పెట్టిన బిస్కెట్ ముట్టడు. ఎప్పుడో చనిపోయిన తండ్రి గురించి ఏ ఏడాది చనిపోయాడు, అప్పుడు నీకెంత అని మేం తిప్పితిప్పి అడుగుతుంటే, ఒక దశలో తల టేబుల్ మీద పెట్టేస్తాడు. బ్రేక్ ఇస్తాం. మళ్లీ అడుగుతాం.

తప్పు రెండు వైపులా జరగొచ్చు, అది ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల మనిషిని పదిహేనని నమ్మి, టీనేజ్ కూతురున్న ఫాస్టర్ ఇంట్లో పెడితే ఆ తల్లి అడిగే ప్రశ్నకు మా దగ్గర జవాబుండదు. పిల్లల క్లాసులో పెద్దవాడు కూర్చోవడం కూడా చిన్న విషయం కాదు. అయినా నన్నడిగితే పిల్లాణ్ణి పెద్దవాడని రాసేయడమే పెద్ద తప్పు. పెద్దవాడు పొరపాటున పిల్లల్లో పడితే చుట్టూ టీచరు, ఫాస్టర్ తల్లి, సోషల్ వర్కరు ఉంటారు, ఎవరో ఒకరు కనిపెడతారు. పిల్లాడు పెద్దవాళ్ల హోటల్లో పడితే చూసే మనిషే ఉండదు. నెలల తరబడి ఎండలో చలిలో నడిచొచ్చిన మొహం మీద మీసం చూసి ముప్ఫై అనేవాళ్లకు, ఇటుక బట్టీల దగ్గర పనిచేసే మన పిల్లల చేతులు ఒకసారి చూపించాలనిపిస్తుంది.

చూసే మనిషి లేకపోతే ఏమవుతుందో దేశమంతా చూసింది కూడా. 2021 జూలై నుంచి హోమ్ ఆఫీస్ ఒంటరి పిల్లల్ని నేరుగా హోటళ్లలో పెట్టింది. వాళ్లలో 200 మంది ఆచూకీ లేదని 2023 జనవరిలో మంత్రే పార్లమెంటులో ఒప్పుకున్నాడు. ఎక్కువమంది అల్బేనియా కుర్రాళ్లు. అదే 2023 జూలైలో హైకోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చింది. వియత్నాం పిల్లలదైతే ఇంకో భయం. దిగిన ఒకటి రెండు రోజుల్లోనే మాయమవుతారు. వచ్చేటప్పుడే ఏజెంటు నంబరు బట్టీ పట్టించి పంపుతాడు, గంజాయి పెంచే ఇళ్లకో, గోళ్లకు రంగులేసే నెయిల్ బార్లకో చేరుస్తాడు. అందుకే వియత్నాం పిల్లాడు వచ్చిన రాత్రి మా టీమ్‌లో ఎవరికీ నిద్ర ఉండదు. ఫోన్ తీసి పక్కన పెట్టించడం, ఫాస్టర్ ఇంటి అడ్రస్ వాడికి తెలియకుండా చూడడం, పోలీసులకు ముందే చెప్పి ఉంచడం, అన్నీ చేసినా కొన్నిసార్లు పొద్దున్నే ఆ ఫోన్ వస్తుంది.

మా ఊళ్లో తెలుగువాళ్ల ఉగాది పార్టీలో నా ఉద్యోగం గురించి మాటొస్తే సగం మంది జాలిగా వింటారు. సగం మంది, "మేం లక్షలు కట్టి, క్యూలో నిలబడి వీసా తెచ్చుకున్నామండీ, వాళ్లు పడవెక్కి వచ్చేశారు. మా ట్యాక్సులతో వాళ్లకు ఇళ్లు" అంటారు. సాఫ్ట్‌వేర్ అన్నయ్య ఒకాయన ప్రతి ఏడూ అదే మాట, పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని. శరణు అడిగే అఫ్ఘాన్ పిల్లాడు నిలబడడానికి అసలు క్యూ ఎక్కడుందో చెప్పమంటాను. శరణు ఇక్కడికొచ్చే అడగాలి, రావడానికి వీసా ఇవ్వరు. ఆయన వినడు, నేనూ మానను.

2024 ఆగస్టు మొదటి వారంలో మాత్రం ఆ వాదన ఎవరూ ఎత్తలేదు. సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్యల తర్వాత, చంపింది శరణార్థేనన్న తప్పుడు పుకారుతో అల్లర్లు రేగాయి. రోథర్‌హామ్‌లో, టామ్‌వర్త్‌లో శరణార్థులున్న హోటళ్లకు నిప్పు పెట్టబోయారు. మన వాట్సాప్ గ్రూపుల్లో "సాయంత్రం బయటికి వెళ్లొద్దు, టౌన్ సెంటర్ వైపు అసలు వెళ్లొద్దు" అని మెసేజ్‌లు. అదే రోజు నేను పిల్లలందరికీ ఫోన్ చేసి అదే మాట చెబుతున్నాను. ఒక సూడాన్ కుర్రాడు నన్నే ఎదురడిగాడు, "మీరు ఇంటికి బస్సులో వెళ్తారా, జాగ్రత్త" అని. రోడ్డు మీద ఎదురయ్యేవాడికి నాది స్కిల్డ్ వర్కర్ వీసా అని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు కొత్తగా యంత్రాల మాట వచ్చింది. 2024 జనవరిలో జ్ఞానదంతాలు, చేతి ఎముకల ఎక్స్‌రే, మోకాలు, కాలర్‌బోన్ ఎమ్మారై స్కాన్‌లకు వీలు కల్పిస్తూ నిబంధనలు తెచ్చారు. వైద్యానికి అవసరం లేకుండా పిల్లలకు ఎక్స్‌రే తీయడాన్ని బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ వ్యతిరేకించింది. మేం చేసిన అసెస్‌మెంట్లలో అలాంటి ఫిల్మ్ ఒక్కటీ రాలేదు. 2025 జూలైలో ప్రభుత్వం మొహం ఫోటో చూసి వయసు అంచనా వేసే ఏఐ తెస్తామని చెప్పింది. మా మేనేజర్‌కి కాస్త ఆశగానే ఉంది, కేసులు త్వరగా తేలతాయని. నేను అడిగేది ఒకటే: ఆ యంత్రానికి నేర్పడానికి ఎవరి మొహాలు చూపించారు? కునార్ నుంచి ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ దాకా నడిచొచ్చిన పదహారేళ్ల మొహం అందులో ఉందా? మీటింగ్‌లో అడిగాను. నోట్ చేసుకున్నామన్నారు. వచ్చే వారం మళ్లీ ఒక అసెస్‌మెంట్ ఉంది. కాందహార్ యాస తెలిసిన పష్తో ఇంటర్‌ప్రెటర్ ఇంకా దొరకలేదు, ముందు ఆ సంగతి చూడాలి.