మా ఎలక్ట్రానిక్ సంగీత జోడీ: కిక్, బేస్, ఒక ఒప్పందం

జోడీ కట్టక ముందు నుంచే నేనూ నా మిత్రుడూ ఒకరి ట్రాక్‌లను ఒకరం దిద్దుకుంటూ ఉండేవాళ్లం. అతనికి డ్రమ్ మెషిన్ల మీద మక్కువ, ముఖ్యంగా 1980లో రోలాండ్ సంస్థ తెచ్చిన టీఆర్‌-808 మెషిన్‌లోని కిక్ (‘ధమ్’మనే లోతైన డ్రమ్ దెబ్బ) మీద. నాకేమో సింథసైజర్‌పై బేస్ లైన్లు (పాట అడుగున నడిచే లోతైన స్వరాల వరుసలు) కట్టడం ఇష్టం. ఈ రెండూ ఒకే ట్రాక్‌లోకి వచ్చేసరికి పేచీ మొదలయ్యేది. 808 కిక్ ఒక్క దెబ్బతో ఆగిపోదు, దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర సాగుతూ మోగుతుంది. నా బేస్ స్వరాలూ ఆ చుట్టుపక్కలే తిరుగుతుండటంతో రెండూ కలిసి ముద్దగా వినిపించేవి. కిక్ పడినప్పుడల్లా బేస్ క్షణకాలం తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టాం గానీ, అసలు ఫలితమిచ్చింది మాత్రం కిక్ మోగే నిడివిని కుదించడమే. దానికి అతన్ని ఒప్పించడానికి పట్టినంత సమయం మాకు ఏ మిక్స్‌కూ పట్టలేదు. బదులుగా రెండు ట్రాక్‌లలో నా బేస్‌ను ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి జరిపించాడు. జోడీకి పేరు ఆ తర్వాత పెట్టుకున్నాం, దాని కోసం పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు.

వేదిక మీద తలెత్తిన చిక్కు వేరు. అతని డ్రమ్ మెషిన్ నా లాప్‌టాప్ పంపే, పరికరాలను ఒకే తాళంలో నడిపించే మిడి క్లాక్‌ను అనుసరించేది. ఆ క్లాక్ ఒక్కో బీటుకు 24 సంకేతాలు పంపుతుంది. మేం వాయించే 124 బీపీఎం (నిమిషానికి బీట్లు) వేగంలో రెండు సంకేతాల మధ్య ఎడం సుమారు 20 మిల్లీసెకన్లు. లాప్‌టాప్ ధ్వనిని బయటికి పంపేముందు పోగుచేసుకునే ఆడియో బఫర్ 1024 శాంపిళ్ల (ధ్వని తునకల) దగ్గర ఉంటే 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) లెక్కన ఆ ఒక్కదానివల్లే 21 మిల్లీసెకన్ల (దాదాపు ఒక సంకేతం ఎడమంత) జాప్యం వస్తుంది కనుక, నేను కీ నొక్కిన బేస్ కిక్ వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. బఫర్‌ను 128కి దించితే జాప్యం మూడు మిల్లీసెకన్ల లోపుకు వచ్చింది గానీ, ప్రాసెసర్ తట్టుకోలేక చిటపటలు మొదలయ్యాయి. చివరికి బరువైన సింథ్ భాగాలను ముందే ఆడియోగా మార్చుకుని, బేస్‌నూ ధ్వని స్వభావాన్ని మార్చే ఫిల్టర్లనూ మాత్రం చేత్తో వాయించాం. అలా చేస్తే అది లైవ్ ప్రదర్శన కాదనేవారితో నేను ఏకీభవించను. వినేవారికి కావలసింది తాళం తప్పని సంగీతం.

మొదటి ఈపీ (కొన్ని ట్రాక్‌ల చిన్న ఆల్బమ్) విడుదలకు ముందు, ఎవరు ఎంత చేశారన్న లెక్కలోకి పోకుండా, రచన హక్కునూ రికార్డింగ్ హక్కునూ చెరి సగంగా కాగితం మీద రాసుకున్నాం. ఒకరు తప్పుకుంటే జోడీ పేరును రెండోవారు ఒంటరిగా వాడకూడదన్న షరతు అతను చేర్చాడు. అది కొంత కటువుగానే తోచినా సంతకం పెట్టాను. ఆ తర్వాతే ట్రాక్‌లను డిస్ట్రిబ్యూటర్‌కు పంపాం.